యూనివర్సిటీలో పరిశోధన పురస్కారాలు ఎలా పెట్టాలి? కొత్తగా చేరినవారి నుంచి రిటైర్మెంట్ దగ్గరపడినవారి దాకా

చాలా యూనివర్సిటీల్లో జరిగేది ఇదే. ఆగస్టు చివరి వారంలో అన్ని డిపార్ట్‌మెంట్లకూ ఒక సర్క్యులర్ వెళ్తుంది. సెప్టెంబరు 5న సన్మానం ఉంది, మూడు రోజుల్లో పేర్లు పంపండి అని. హెడ్లు సీనియారిటీ లిస్టు తీస్తారు. పోయినసారి ఫిజిక్స్‌కు ఇచ్చాం కదా, ఈసారి కామర్స్‌కు ఇద్దాం అనుకుంటారు. వచ్చే ఏడాది రిటైరయ్యేవారు ఉంటే వారి పేరు ముందుకొస్తుంది. శాలువా, మెమెంటో, ఫొటో అయిపోతాయి. సన్మానం అందుకున్నవారు ఇన్నేళ్లలో ఏం కనుక్కున్నారో ఆ సభలో ఒక్కరూ చెప్పరు.

ఇలాంటి కమిటీల్లో నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. మొదట్లో నేనూ ఆ లిస్టుల మీద మాట్లాడకుండా సంతకం పెట్టాను. అందుకు ఇప్పటికీ బాధపడతాను. పరిశోధన చేసేవాళ్లకు గుర్తింపు వాళ్లకు ఉపయోగపడే సమయంలో అందాలి. ఏ దశలో ఉన్నవాళ్లను ఆ దశకు తగ్గ కొలతతోనే చూడాలి. మీరు డీన్ అయినా, ఐక్యూఏసీ (నాణ్యత చూసే విభాగం) కోఆర్డినేటర్ అయినా, రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ ఫైలు చూసేవారైనా, ఈ పనిని వచ్చే ఏడాది నుంచి సరిగ్గా మొదలుపెట్టాలంటే కింద చెప్పినట్టు చేయండి.

ముందు రెండు పేజీల నిబంధనలు రాసి పాలకమండలిలో పెట్టండి

వీసీ మారినప్పుడల్లా మారిపోయే అవార్డుకు విలువ ఉండదు. అందుకే ఎవరు అర్హులు, ఎవరు ఎంపిక చేస్తారు, ఏ నెలలో ఏం జరుగుతుంది, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది అన్న నాలుగు విషయాలు రెండు పేజీల్లో రాసి తీర్మానం చేయించండి. తగినవాళ్లు లేని ఏడాది పురస్కారం ఇవ్వకపోవచ్చు అనే వాక్యం తప్పకుండా ఉండాలి. ఆ వాక్యం లేకపోతే ప్రతి ఏడాదీ ఎవరో ఒకరికి ఇచ్చి తీరాల్సిందే అన్న ఒత్తిడి మొదలవుతుంది.

బోధన పురస్కారాన్ని, పరిశోధన పురస్కారాన్ని కలపకండి. రెండూ గొప్పవే. కానీ ఒకే ఫారంలో పెడితే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

దశలను పీహెచ్‌డీ వచ్చిన ఏడాది నుంచి లెక్కపెట్టండి

వయసుతో దశలు విడగొట్టడం పాత అలవాటు. గణితంలో ఫీల్డ్స్ మెడల్‌కు 40 ఏళ్ల హద్దు ఉంది. ఇన్ఫోసిస్ బహుమతిని 2024 నుంచి 40 ఏళ్లలోపువారికే ఇస్తున్నారు. మన దేశంలో శాస్త్రవేత్తలకిచ్చే భట్నాగర్ అవార్డుకు 45 ఏళ్ల హద్దు ఉండేది. ఆ తర్వాత వచ్చిన రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కార్‌లో జీవితకాల కృషికి విజ్ఞాన్ రత్న, విశిష్ట కృషికి విజ్ఞాన్ శ్రీ, 45 ఏళ్లలోపువారికి భట్నాగర్ పేరుతోనే విజ్ఞాన్ యువ, బృందాలకు విజ్ఞాన్ టీమ్ అని నాలుగు రకాలు పెట్టారు. 2024లో తొలిసారి 33 పురస్కారాలు ప్రకటించినప్పుడు టీమ్ పురస్కారం చంద్రయాన్-3 బృందానికి దక్కింది. ఈ నాలుగు రకాల అమరిక మీకూ మంచి నమూనా. వయసు హద్దును మాత్రం తీసుకోకండి.

ఎందుకంటే మన రాష్ట్ర యూనివర్సిటీల పరిస్థితి వేరు. ఏళ్ల తరబడి నియామకాలు జరగక, కాంట్రాక్టు మీద, గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు చెబుతూ నలభై దాటాక పర్మినెంట్ అయినవాళ్లు, ఇంకా కానివాళ్లు ఎందరో ఉన్నారు. 35 ఏళ్లు అని హద్దు పెడితే యువ పురస్కారానికి అర్హులే దొరకరు. ఒకసారి ఇలాగే ఒక మహిళా అధ్యాపకురాలి పేరు వయసు దాటిందని పక్కన పెట్టారు. ఇద్దరు పిల్లలు పుట్టాక పీహెచ్‌డీ మొదలుపెట్టి పూర్తి చేసిన మనిషి ఆమె. అప్పటికి ఆమె పరిశోధన మొదలై ఆరేళ్లే. ఆ ఏడాది అవార్డు వచ్చిన కుర్రాడికంటే ఆమె పరిశోధన జీవితం చిన్నది. ఆ సంగతి ఫారంలో ఎక్కడా కనిపించలేదు.

యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ ఈ విషయంలో మంచి దారి చూపింది. పీహెచ్‌డీ తర్వాత 2 నుంచి 7 ఏళ్లవారిని ఒక మెట్టుగా, 7 నుంచి 12 ఏళ్లవారిని ఇంకో మెట్టుగా చూస్తూ గ్రాంట్లు ఇచ్చింది. తల్లులకు ఒక్కో బిడ్డకు 18 నెలల చొప్పున ఆ గడువు పెంచింది. మీరు మన పరిస్థితికి తగ్గట్టు కొంచెం ఉదారంగా లెక్క వేసుకోండి. పీహెచ్‌డీ తర్వాత మొదటి 8 ఏళ్లు తొలి దశ, 8 నుంచి 20 ఏళ్లు మధ్య దశ, ఆపైన సీనియర్ దశ. ప్రసవం, దీర్ఘకాల అనారోగ్యం, ఇంట్లో పెద్దవాళ్ల సంరక్షణ వల్ల పోయిన కాలాన్ని తీసేయండి. కాంట్రాక్టు అధ్యాపకులను కూడా అర్హుల్లో చేర్చండి. పరిశోధన చేసింది మీ యూనివర్సిటీ పేరు మీదే కదా.

తొలి దశలో ఏం చూడాలి

ఈ పురస్కారం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని తలుచుకోండి. ఆంధ్ర యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. క్రామర్-రావు అసమానతగా ప్రపంచానికి తెలిసిన ఫలితం 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. అప్పుడు ఆయన వయసు పాతికేళ్లు. స్టాటిస్టిక్స్‌లో అత్యున్నతమని చెప్పుకునే అంతర్జాతీయ బహుమతి 2023లో ఆయనకు వచ్చింది. అప్పుడు ఆయన వయసు 102. ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. మధ్యలో భట్నాగర్, పద్మ విభూషణ్ లాంటివి ఎన్నో అందాయి, నిజమే. కానీ పాతికేళ్ల కుర్రాడి చేతిలోని కాగితం చూసి ఇందులో ఏదో ఉందని గుర్తుపట్టగల చూపు ఒక సంస్థకు ఎంత అవసరమో ఈ ఉదాహరణ చెబుతుంది.

తొలి దశలో చూడాల్సింది స్వతంత్రత. గైడ్‌తో కలిసి రాసిన పేపర్లు ఎన్ని ఉన్నా, గైడ్ నుంచి విడిగా వచ్చాక సొంత ప్రశ్న వేసుకున్నారా అన్నదే అసలు సంగతి. దరఖాస్తులో ఈ మూడు అడగండి: మీ పీహెచ్‌డీకి, ఇప్పటి పనికి తేడా ఏమిటి? మీరు సొంతంగా వేసుకున్న ప్రశ్న ఏది? రాబోయే మూడేళ్లలో ఏం తేల్చాలనుకుంటున్నారు? ఒక్కోదానికి పది వాక్యాలు చాలు. ఈ పదేసి వాక్యాలు చదివితే మనిషి తెలిసిపోతారు. పేపర్ల సంఖ్య చూస్తే తెలియదు.

మధ్య దశ, ఎవరికీ పట్టని దశ

కొత్తవాళ్లకు యువ అవార్డులు, పెద్దవాళ్లకు జీవిత సాఫల్య పురస్కారాలు ఉంటాయి. మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం హాస్టల్ వార్డెన్‌గా, పరీక్షల డ్యూటీలో, యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే నాక్ ఫైళ్లలో మునిగిపోయి ఉంటారు. యూనివర్సిటీని మోసేది వాళ్లే. విసిగి వెళ్లిపోయేదీ వాళ్లే.

భీమవరంలో పుట్టిన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చూడండి. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో వాళ్లిద్దరి పేర్ల మీద అది దశాబ్దాలు నిలిచింది. అంత పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన నడిపించిన బృందాల నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ లాంటివి వచ్చాయి. హార్వర్డ్ లాంటి చోటే ఇలా జరిగినప్పుడు, మన దగ్గర నలభై అయిదేళ్ల మనిషి ఎందుకు నిరాశలో ఉన్నారో అడిగేవాళ్లు ఒకరైనా ఉండాలి.

మధ్య దశలో చూడాల్సింది వాళ్లు ఏం కట్టారన్నది. ల్యాబ్ కట్టారా, ఒక శాసన సంగ్రహం కూర్చారా, ఊళ్లు తిరిగి సర్వే డేటా పోగేశారా, నలుగురు విద్యార్థులను సొంత కాళ్ల మీద నిలబెట్టారా? విద్యార్థుల విషయంలో ఎంతమందికి పీహెచ్‌డీ వచ్చింది అని అడిగి ఆగకండి. వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఇంకా పరిశోధన చేస్తున్నారా అని కూడా అడగండి.

సీనియర్ దశ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లు నిలిచిన ఒక ఆలోచన, ఆయన లేదా ఆమె వల్ల ఆ రంగంలో మారిన ఒక విషయం చూపించగలగాలి. పదవులు లెక్కలోకి రావు. డీన్‌గా, హెడ్‌గా పనిచేయడం పాలనకు సంబంధించినది. దానికి వేరే చోట కృతజ్ఞత చెప్పండి.

అంకెలను ఎంతవరకు నమ్మాలి

ఇక్కడే గొడవలన్నీ వస్తాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఒకరి పేపర్లలో ఎన్ని, కనీసం అన్నేసి సార్లు ఇతరుల పేపర్లలో ప్రస్తావనకు వచ్చాయో చెప్పే అంకె హెచ్-ఇండెక్స్. దాన్ని 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. అది పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. అంటే అది ఎప్పుడూ పెద్దవాళ్ల వైపే మొగ్గుతుంది. తొలి దశవారిని దానితో కొలవడం మొలకను చెట్టు పక్కన నిలబెట్టి పొడుగు చూడటమే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒక జర్నల్‌లోని పేపర్లను సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారో చెబుతుంది. అది జర్నల్‌కు సంబంధించిన అంకె, మనిషికి సంబంధించినది కాదు. ఈ మాటనే 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన గట్టిగా చెప్పింది. వ్యక్తుల పరిశోధనను అంచనా వేయడానికి జర్నల్ అంకెలను వాడొద్దని కోరింది. మీ నిబంధనల్లో ఆ ఒక్క వాక్యం చేర్చండి.

డిపార్ట్‌మెంట్ల మధ్య పోలిక ఇంకా ప్రమాదం. కెమిస్ట్రీలో ఏడాదికి పది పేపర్లు రావచ్చు. తెలుగు శాఖలో ఒక తాళపత్ర ప్రతిని పరిష్కరించడానికే అయిదేళ్లు పట్టవచ్చు. తెలుగులో వచ్చిన పుస్తకం స్కోపస్ అనే పరిశోధనల డేటాబేస్‌లో కనిపించదు. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా పదాలు సేకరింపజేసి, వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో తెచ్చారు. రైతుల నోట్లోని వందల మాటలు అక్షరాల్లోకి వచ్చాయి. ఏ సైటేషన్ (ఇతరుల పేపర్లలో ప్రస్తావన) లెక్క ఆ పనిని తూచగలదు?

బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన బీపీటీ 5204 వరి కూడా అంతే. 1986లో విడుదలైన సాంబ మసూరి అది. ఇప్పటికీ మన పళ్లెంలో ఉంది. దాని ప్రభావం పేపర్లలో చూస్తే అంతంతమాత్రం, పొలాల్లో చూస్తే లక్షల ఎకరాలు. కాబట్టి సైన్సులు, ఇంజినీరింగ్, సామాజిక శాస్త్రాలు, భాషలు-కళలు అని కనీసం నాలుగు గుంపులు చేసి, గుంపు లోపలే పోల్చండి. చిన్న యూనివర్సిటీ అయితే రెండేసి గుంపులకు ఏడాది విడిచి ఏడాది ఇవ్వండి. ఒకే పురస్కారానికి అందరినీ పోటీ పెట్టకండి.

అంకెల బదులు ఏం అడగాలి? ప్రతి ఒక్కరూ తమ పనుల్లో అయిదింటినే ఎంచుకోవాలి, ఒక్కోదానికి పావు పేజీ వివరణ రాయాలి. అది పేపర్ కావచ్చు, పుస్తకం, పేటెంట్, విత్తన రకం, సాఫ్ట్‌వేర్, నిఘంటువు, ప్రభుత్వం వాడుకున్న నివేదిక ఏదైనా కావచ్చు. చాలామంది రాసినది అయితే అందులో తన వాటా ఎంతో రాయాలి. కమిటీ ఆ అయిదింటినీ చదవాలి. నిజంగా కూర్చుని చదవాలి. అలా చదవలేనంత మంది దరఖాస్తుదారులు ఉంటే మొదటి వడపోత తర్వాత ముగ్గురివి చదవండి.

నామినేషన్లు హెడ్ చేతిలోనే ఉంచకండి

హెడ్‌కు నచ్చనివాళ్ల పేరు ఎన్నటికీ బయటికి రాదు. అందుకే మూడు దారులు తెరవండి: హెడ్ పంపవచ్చు, తోటి అధ్యాపకులు ఎవరైనా పంపవచ్చు, ఎవరికి వారే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు కనీసం నెల రోజులు ఉండాలి. ఫారం మూడు పేజీలు దాటకూడదు. గత అయిదేళ్ల సర్టిఫికెట్ల జిరాక్సులు మూడు సెట్లు అని అడిగితే, పనిలో మునిగి ఉన్నవాళ్లు పెట్టరు, ఫైళ్లు సర్దడంలో నేర్పు ఉన్నవాళ్లే పెడతారు.

ఇంకో పని కూడా చేయండి. అడగడానికి మొహమాటపడేవాళ్లు మనలో చాలామంది. ముఖ్యంగా మహిళలు, పల్లెల నుంచి మొదటి తరంగా చదువుకుని వచ్చినవాళ్లు. ఇద్దరు ముగ్గురిని నియమించి డిపార్ట్‌మెంట్లకు పంపండి. "మేడమ్, మీరు ఎందుకు పెట్టలేదు?" అని ఒక్కసారి అడిగితే చాలు, మంచి దరఖాస్తులు వస్తాయి. నేను చూశాను.

కమిటీలో ఎవరు ఉండాలి, ఎవరు బయటికి వెళ్లాలి

అయిదుగురు చాలు. అందులో ముగ్గురు బయటి యూనివర్సిటీల వాళ్లు కావాలి. కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి. తొలి దశ పురస్కారానికి, గతంలో అది అందుకున్నవాళ్లలో ఒకరిని కూర్చోబెట్టడం మంచిది.

గురువు, శిష్యులు, బంధువులు, గత అయిదేళ్లలో కలిసి పేపర్ రాసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ పేరు చర్చకు వచ్చినప్పుడు ఆ సభ్యులు గది బయటికి వెళ్లాలి. మౌనంగా కూర్చుంటాను అంటే కుదరదు. ఎదురుగా కూర్చున్న మనిషి శిష్యుడి గురించి ఎవరూ నిజం మాట్లాడరు. వాళ్లు బయటికి వెళ్లిన సంగతి మినిట్స్‌లో రాయండి.

ఇది లేనిపోని అనుమానం కాదు. 1997లో క్రిస్టీన్ వెన్నెరాస్, ఆగ్నెస్ వోల్డ్ అనే ఇద్దరు స్వీడన్ శాస్త్రవేత్తలు తమ దేశపు మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఫెలోషిప్ మార్కులను బయటికి తీయించి పరిశీలించారు. మగవాళ్లతో సమానమైన మార్కు రావాలంటే ఒక మహిళ దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ పని చూపించాల్సి వచ్చిందని 'నేచర్' పత్రికలో రాశారు. కమిటీలో ఎవరితోనైనా సంబంధం ఉన్నవాళ్లకు అదనపు మార్కులు పడ్డాయని కూడా తేల్చారు. అంత పేరున్న చోటే అలా జరిగితే మనం జాగ్రత్తపడాలి. మార్కులు ముందు ఎవరికి వారే వేసి కవర్లో పెట్టి, ఆ తర్వాతే చర్చ మొదలుపెట్టండి. ముందు చర్చ జరిగితే గదిలో పెద్దాయన మాటే అందరి మార్కు అవుతుంది.

పేరు ప్రకటించే ముందు

ఒక వారం తనిఖీకి ఉంచుకోండి. వెనక్కి తీసుకున్న పేపర్లు ఉన్నాయేమో రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో చూడండి. కాపీ ఆరోపణలు, విద్యార్థుల ఫిర్యాదులు ఏవైనా తేలకుండా ఉన్నాయేమో రిజిస్ట్రార్‌ను రాతపూర్వకంగా అడగండి. మంచి జర్నళ్లను సూచిస్తూ యూజీసీ ఇచ్చిన యూజీసీ-కేర్ జాబితా 2025లో ఆగిపోయింది. ఏ జర్నల్ మంచిదో తేల్చే బాధ్యత ఇప్పుడు మీ మీదే ఉంది. లైబ్రేరియన్‌ను ఈ పనిలో కలుపుకోండి, వారికి చాలా తెలుసు.

ఫీజు కడితే వచ్చే "అంతర్జాతీయ ఉత్తమ పరిశోధకుడు" అవార్డులను అస్సలు లెక్కలోకి తీసుకోకండి. అలాంటి మెయిళ్లు అందరి ఇన్‌బాక్సుల్లోకీ వస్తున్నాయి. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి ఎక్కడో హోటల్లో తీసుకున్న మెమెంటోకు ఫారంలో చోటు ఇవ్వవద్దని నిబంధనల్లోనే రాయండి.

ఏం ఇవ్వాలి

శాలువా కప్పండి, తప్పులేదు, అది మన మర్యాద. కానీ దానితో ఆపకండి.

తొలి దశవారికి కావాల్సింది సమయం, కొంచెం డబ్బు. పని మొదలుపెట్టడానికి చిన్న సీడ్ గ్రాంట్, ఒక సెమిస్టర్ పాటు వర్క్‌లోడ్‌లో బోధించాల్సిన ఒక సబ్జెక్టు తగ్గింపు, ల్యాబ్‌లో ఒక గది. డబ్బు లేదంటారా? వర్క్‌లోడ్ తగ్గింపుకు పెద్దగా ఖర్చు ఉండదు. పరీక్షల డ్యూటీ నుంచి ఏడాది మినహాయింపుకు అసలు ఖర్చే లేదు. ఆ ఏడాదిలో వాళ్లు ఎంత రాయగలరో చూడండి. పరిశోధనకు కేంద్రం తరఫున నిధులిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్ లాంటి చోట పెద్ద గ్రాంటుకు దరఖాస్తు పెట్టడానికి ఆ వ్యవధే ఆధారం అవుతుంది.

మధ్య దశవారికి ఒక రీసెర్చ్ స్కాలర్ ఫెలోషిప్, ఒక సెమిస్టర్ బయటి యూనివర్సిటీలో పనిచేసే వీలు. సీనియర్లకు వారి పేరు మీద ఒక ప్రసంగం, వారి నోట్సు, నమూనాలు, ఫీల్డ్ రికార్డులు లైబ్రరీలో భద్రపరచే ఏర్పాటు. రిటైరయ్యాక ట్రంకు పెట్టెల్లో చెదలు పట్టిపోయిన నోట్సు నేను చూశాను. ఆ నష్టం ఎంతో చెప్పలేను.

ప్రశంసాపత్రం తెలుగులో రాయండి

"విశేష కృషి చేసినందుకు" అన్న మాట ఎవరికైనా సరిపోతుంది. అందుకే అది ఎవరికీ చెందదు. ఇలా రాయండి: "నల్లగొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఏ నెలల్లో ఎక్కువ అవుతుందో, ఎందుకు అవుతుందో అయిదేళ్లు కొలిచి చూపినందుకు, ఆ లెక్కలు గ్రామ పంచాయతీలకు అర్థమయ్యే భాషలో అందించినందుకు." ఇది ఉదాహరణకు చెప్పింది. ఇలా రాస్తే సభలో కూర్చున్న తల్లిదండ్రులకు తమ బిడ్డ ఏం చేసిందో మొదటిసారి తెలుస్తుంది. అయిదు వాక్యాలు దాటనివ్వకండి. అందుకున్నవారికి పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వండి. ముఖ్య అతిథి ప్రసంగం తగ్గించైనా సరే.

రానివాళ్లకు ఉత్తరం

దరఖాస్తు పెట్టి రానివాళ్లకు ఫలితం నోటీసు బోర్డులో తెలియకూడదు. ప్రకటనకు ముందే డీన్ సంతకంతో ఒక్కొక్కరికీ ఉత్తరం పంపండి. కమిటీకి వారి పనిలో నచ్చింది ఏమిటో ఒక వాక్యం, వచ్చేసారికి ఏం బలపడాలో ఒక వాక్యం ఉండాలి. తొలి దశవారి విషయంలో ఉత్తరంతో పాటు డీన్ ఫోన్ కూడా చేయాలి. ఆ కాల్‌కు పది నిమిషాలు చాలు. వచ్చే ఏడాది నామినేషన్ తేదీ అందులోనే చెప్పేయండి.